పాత డీజిల్ బండి కొంటున్నారా? తెల్లవారుజామునే వెళ్లండి!

మిర్చి టిక్కీలు యార్డుకు చేరి, పత్తి డబ్బులు బ్యాంకులో పడ్డ నెలల్లో మన పల్లెల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. ‘ఈసారైనా ఇంటికి ఒక బండి కొందాం’ అని. కొత్త బండి ధర అందదు. ఇక మిగిలింది సెకండ్ హ్యాండ్ బండే. ఇంటిల్లిపాదీ ఎక్కాలి. కోటప్పకొండ తిరనాళ్లకు, పెళ్లిళ్లకు వెళ్లాలి. అర్ధరాత్రి ముసలాయనకు ఆయాసం వస్తే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వచ్చేటప్పుడు రెండు విత్తనాల సంచులో, కాలిపోయిన మోటారో వెనక వేసుకు రావాలి. డీజిలు అయితే మైలేజీ వస్తుంది. ఇదీ మన లెక్క.

లెక్క బాగానే ఉంది. చిక్కల్లా చూసే చూపులో ఉంది. మన రైతు ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాడు, సుళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు, అరక కట్టి మరీ చూస్తాడు. నలుగురు పెద్దల్ని వెంట తీసుకెళతాడు. అదే రైతు నాలుగు లక్షలు పెట్టి బండి కొనేటప్పుడు మాత్రం పైరంగు, సీటు కవర్లు, పాటల పెట్టె చూసి అడ్వాన్సు ఇచ్చేస్తున్నాడు.

ఈ పొరపాటు నేనూ చేశాను. కొన్నేళ్ల కిందట ఒక పట్నంలో బ్రోకరు దగ్గర తొమ్మిది సీట్ల డీజిల్ బండి చూశాను. పగలు పదకొండు గంటలకు రమ్మన్నాడు. వెళ్లేసరికి బండి కడిగి, తుడిచి, స్టార్టు చేసి ఉంచాడు. తాళం తిప్పగానే అందుకుంది. కాఫీ తాగే లోపు బేరం అయిపోయింది. మూడు వారాలు తిరగకుండానే పొద్దున పూట స్టార్టు కావడం మానేసింది. రేడియేటర్ నీళ్లు తగ్గిపోతున్నాయి, తెల్లపొగ కమ్మేస్తోంది. మెకానిక్ ఇంజన్ విప్పి, హెడ్ పగిలి చాలాకాలం అయిందన్నాడు. ఆ రిపేరుకు మా ఇంట్లో ఆమె గొలుసు బ్యాంకులో కుదువ పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు నేను వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి ఉంటే, ఇంజన్ వేడిగా ఉందని తెలిసేది. ఎందుకు వేడి చేసి పెట్టాడో అడిగేవాణ్ణి. ఆ పని చెయ్యలేదు. మీరు చెయ్యాలి. అందుకే ఈ వ్యాసం.

అసలు మీకు డీజిలు అవసరమా?

ముందు పలక మీద లెక్క వేసుకోండి. నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. ఏడాదికి 6 వేలు. పాత పెద్ద బండి లీటరుకు 12 ఇస్తుందనుకుంటే 500 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయల చొప్పున 50 వేలు. బీమా, ఆయిలు, టైర్ల అరుగుదల, చిల్లర రిపేర్లకు ఎంత తక్కువ వేసినా ఇంకో 40 వేలు. బండికి పెట్టిన 4 లక్షలకు రూపాయి వడ్డీ లెక్కన ఏడాదికి 48 వేలు. మొత్తం లక్షా 38 వేలు. అంటే కిలోమీటరుకు 23 రూపాయలు పడింది. మీ ఊళ్లో కిరాయి కారు కిలోమీటరుకు ఎంత తీసుకుంటున్నాడో దీని పక్కన రాసి చూడండి.

అదే ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగే ఇల్లయితే డీజిలుకు లక్షా 25 వేలు, ఖర్చులకు 50 వేలు, వడ్డీ అదే 48 వేలు. కిలోమీటరుకు దాదాపు 15 రూపాయలకు దిగింది. తిరుగుడు ఎక్కువ ఉన్న ఇంటికే డీజిలు లాభం. తక్కువ తిరిగే ఇంటికి చిన్న పెట్రోలు బండి గానీ, అవసరానికి కిరాయి కారు గానీ చవక. డీజిల్ ఇంజన్ గట్టిదే కానీ, చెడితే పంపు, నాజిళ్లు, టర్బో... ఒక్కోటీ వేలల్లో బిల్లు. వారాల తరబడి కదలకుండా నిలబెట్టినా అది పాడవుతుంది.

ఇంకో మాట. మన పంటల ధర నిలకడ మీకు తెలిసిందే. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చి, 2025 ఫిబ్రవరి వచ్చేసరికి కేంద్రం 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సిన స్థితికి పడిపోయింది. మిర్చి ధర పడిపోతే బండి వాయిదా మాత్రం తగ్గదు. కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చి బండి కొంటే వచ్చే ఏడాది కాయ ధర ఎట్లా ఉన్నా ఆయన కొట్టుకే తోలాలి. కాబట్టి ఒక మంచి ఏడాది డబ్బు చూసి నాలుగేళ్ల అప్పు నెత్తికెత్తుకోకండి.

ఏ బండి ఎలాంటిది?

మనుషులకూ సామానుకూ కలిపి పొడుగ్గా కట్టిన ఎస్టేట్ కార్లు మన దేశంలో ఎక్కువ కాలం నిలవలేదు. టాటా ఎస్టేట్ 1992లో, ఇండిగో మెరీనా 2004లో వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఆ పని మన పల్లెల్లో చేసినవి జీపు తరహా బండ్లు, ఏడు సీట్ల బండ్లే. పాత మార్కెట్లో ఎక్కువగా కనబడేవి ఇవి.

బొలెరో 2000లో వచ్చింది. కింద నిచ్చెన లాంటి ఛాసిస్, వెనక చక్రాలకు పట్టు, కమాన్ పట్టీలు. నల్లరేగడి డొంకల్లో, గుంటల్లో తట్టుకుంటుంది. ఊరూరా దాని పని తెలిసిన మెకానిక్ ఉంటాడు. విడిభాగాలు దొరకడం సులువు. కుదుపు ఎక్కువ. చాలా బండ్లు బరువు మోసి మోసి వచ్చినవే కనుక ఛాసిస్, కమాన్లు కచ్చితంగా చూడాలి.

సుమో 1994 నుంచి 2019 దాకా వచ్చింది. గట్టి బండే కానీ ఉత్పత్తి ఆగిపోయింది. పాతవాటిలో తుప్పు సమస్య ఉంటుంది. క్వాలిస్ 2000 నుంచి 2005 మొదటిదాకా అమ్మారు. ఇంజన్‌కు మంచి పేరుంది. అయితే ఇప్పుడు దొరికే ప్రతి క్వాలిస్‌కూ ఇరవై ఏళ్లు నిండాయి. పేరు చూసి కాదు, వయసు చూసి ధర కట్టండి.

ఇన్నోవా 2005లో వచ్చింది. కూర్చోవడానికి సుఖం, ఎక్కువ కాలం నడుస్తుంది. అందుకే లక్షల కిలోమీటర్లు ట్యాక్సీగా తిరిగినవి మార్కెట్లో చాలా ఉన్నాయి. పాత రెండున్నర లీటర్ల ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది. దాన్ని కంపెనీ పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకు మార్చి తీరాలి. తెగితే ఇంజన్ లోపలి భాగాలు దెబ్బతింటాయి. మార్చినట్లు బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి.

ఎర్టిగా డీజిలు 2012 నుంచి వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లే మానేసింది. మైలేజీ బాగా ఇస్తుంది, రోడ్డు మీద కారులా నడుస్తుంది. అయితే ముందు చక్రాలకు పట్టు, కింద ఎత్తు తక్కువ. తారురోడ్డు పక్క ఊరికి సరే. వానాకాలం చేలగట్టుదాకా పోవాలనుకునేవారికి పనికిరాదు. టవేరా 2004లో వచ్చింది. ఆ కంపెనీ 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ధర తక్కువని ఆశపడేముందు గుంటూరు ఆటోనగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో దాని సామాను దొరుకుతుందో లేదో కనుక్కోండి.

2020 ఏప్రిల్ తర్వాతి బి.ఎస్.6 డీజిల్ బండ్లలో పొగ గొట్టం దగ్గర మసి పట్టే జల్లెడ ఉంటుంది. దాన్ని డి.పి.ఎఫ్. అంటారు. ఊళ్లోనే నెమ్మదిగా రెండు మూడు కిలోమీటర్లు తిప్పుతూ ఉంటే ఆ జల్లెడ పూడుకుపోతుంది, మీటరు దగ్గర లైటు వెలుగుతుంది. చిలకలూరిపేట - ఒంగోలు హైవే లాంటి రోడ్డు మీద అప్పుడప్పుడు ఇరవై నిమిషాలు ఆగకుండా నిలకడ వేగంతో తోలితే ఆ మసి కాలిపోతుంది. దగ్గరి తిరుగుడే ఎక్కువ అయితే ఈ బండ్ల జోలికి వెళ్లకపోవడం మంచిది. జల్లెడ పీకేసిన బండి అసలు కొనవద్దు.

ముందు కాగితాలు

ఇంజన్ చూడకముందే సి బుక్కు చూడండి. జిరాక్సు కాదు, అసలుది. అమ్మేవాడి పేరూ అందులోని పేరూ ఒకటేనా? మధ్యలో ఇద్దరు ముగ్గురు చేతులు మారి, మొదటి ఓనరు పేరు మీదే ఉన్న బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ‘ఫారాల మీద సంతకాలు చేయించి పెట్టాం, మీ పేరు రాసుకోండి’ అంటారు. ఒప్పుకోవద్దు. ఆ ఓనరు చనిపోయినా, విదేశం వెళ్లినా బండి మీ పేరుకు మారదు.

అమ్మినవారికి కూడా ఇందులో ప్రమాదం ఉంది. ప్రమాదం జరిగిన నాటికి సి బుక్కులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి పాత బండి అమ్మేసి ఊరుకున్న రైతు సోదరులు కూడా పేరు మారిందో లేదో చూసుకోవాలి.

బండి మీద ఫైనాన్స్ ఉంటే సి బుక్కులో ఆ కంపెనీ పేరు ఉంటుంది. బాకీ తీరిందని నోటిమాట చాలదు. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన ఎన్.ఓ.సి., ఫారం 35 ఉండాలి. పేరు మార్చడానికి ఫారం 29, ఫారం 30 కావాలి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండి రకం, రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు లాంటివి కనబడతాయి. మీ అబ్బాయి ఫోన్లో పావుగంట పని. పెండింగ్ చలాన్లు కూడా చూడమనండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు సి బుక్కుతో అంకె అంకె సరిచూడండి. నంబరు ఉన్నచోట గీకినట్టు, వెల్డింగ్ చేసినట్టు కనబడితే అక్కడి నుంచి వచ్చేయండి.

నంబరు ప్లేటు చూసి ఊరు చెప్పే రోజులు పోయాయి. ఇదివరకు ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 27 అంటే ప్రకాశం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో ఒకే సిరీస్ మొదలైంది. కాబట్టి బండి ఎక్కడ తిరిగిందో సి బుక్కులోని చిరునామా, సర్వీసు బిల్లులే చెప్పాలి.

హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ బండ్లు చవగ్గా వస్తున్నాయని కొందరు అక్కడికి వెళుతున్నారు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో అక్కడి బండ్లు చౌకగా దక్షిణాదికి దిగాయి. చవకే. అయితే పక్క రాష్ట్రం బండికి అక్కడి రవాణా శాఖ ఎన్.ఓ.సి. (ఫారం 28) తేవాలి. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి. తెలంగాణ బండికీ ఇదే వరస. ఆ పన్ను ఎంతవుతుందో ఆర్టీఏ కార్యాలయంలో ముందే అడిగి, బండి ధరకు కలుపుకుని చూడండి. సగం చవక అక్కడే ఆవిరవుతుంది.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025లో మరింత పెంచారు. పద్నాలుగో ఏట ఉన్న బండిని ‘పోతుందిలే’ అని కొంటే, ఏడాది తిరగకుండానే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

ఒకప్పుడు పచ్చ బోర్డు మీద తిరిగి తెల్ల బోర్డుగా మార్చిన బండి అయితే పాత పన్ను బాకీ ఏమీ లేదని రుజువు అడగండి. అది తిరిగిన కిలోమీటర్లు మీటరు చెప్పే దానికంటే చాలా ఎక్కువే ఉంటాయని అనుకోండి.

చల్లటి ఇంజన్ చూడాలి

ఇక ఇంజన్. తెల్లవారి ఐదున్నర, ఆరు గంటలకు వెళతానని ముందురోజు సాయంత్రమే చెప్పండి. ‘నేను వచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దు’ అని గట్టిగా చెప్పండి. వెంట మీ ఊరి మెకానిక్‌ను తీసుకెళ్లండి. అమ్మేవాడు చూపించే మెకానిక్ వద్దు. మీ మెకానిక్‌కు ఇచ్చే వెయ్యి, రెండు వేలు దండగ కాదు.

వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే ‘మళ్లీ రేపు వస్తా’నని తిరిగి రండి. డీజిల్ ఇంజన్ జబ్బులు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. వేడెక్కిన ఇంజన్ ఎవరు తిప్పినా అందుకుంటుంది.

స్టార్టు చేయకముందు మూడు చూడండి. ఒకటి, రేడియేటర్ మూత. చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. నీళ్ల మీద నూనె తెట్టు తేలుతుంటే హెడ్ గానీ, గ్యాస్కెట్ గానీ పోయినట్లు అనుమానించాలి. రెండు, ఆయిలు కొలిచే కడ్డీ. డీజిల్ ఇంజన్‌లో ఆయిలు నల్లగా ఉండటం సహజం, దానికి భయపడొద్దు. పాలు కలిపిన కాఫీలా ఉంటే ఆయిల్లోకి నీళ్లు దిగాయని అర్థం. మూడు, ఇంజన్ కింద నేల. రాత్రంతా నిలిపిన చోట ఆయిలు మరక ఉందేమో వంగి చూడండి.

తాళం తిప్పి మీటరు దగ్గర చుట్టల గుర్తు లైటు ఆరేదాకా ఆగి, అప్పుడు స్టార్టు చేయాలి. సెల్ఫ్ రెండు మూడు సెకన్లు కొట్టేసరికి అందుకోవాలి. పది పదిహేను సెకన్లు కొట్టాల్సి వస్తే లోపల కంప్రెషన్ తగ్గిందో, నాజిళ్లు పోయాయో, ఇంజన్‌ను వేడిచేసే గ్లో ప్లగ్గులు పోయాయో, బ్యాటరీ నీరసించిందో తేల్చుకోవాలి. ఇందులో బ్యాటరీ చిన్న ఖర్చు. కంప్రెషన్ అంటే ఇంజన్ పనే.

పొగ రంగు చెబుతుంది

పొద్దున స్టార్టు చేసిన తొలి నిమిషంలో కాస్త తెల్లపొగ వచ్చి పోతే పరవాలేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే నీళ్లు లోపల కాలుతున్నట్లు. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోంది. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో, టర్బోనో అరిగి ఉంటాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు నల్లపొగ ఒక్కసారి వచ్చి తగ్గితే పాత ఇంజన్లలో మామూలే. ఆగకుండా వస్తుంటే గాలి తగినంత అందడం లేదనో, నాజిళ్లు డీజిలు ఎక్కువ పోస్తున్నాయనో గుర్తు. మన దగ్గర మిరప కళ్లాల దుమ్ము, డొంకల దుమ్ము ఎక్కువ కాబట్టి గాలి ఫిల్టర్ విప్పి చూపించమనండి. ఒక్కోసారి తప్పు అక్కడే ఉంటుంది.

ఇంజన్ నడుస్తుండగా ఆయిలు పోసే మూత మెల్లగా వదులు చేసి దాని మీదే పెట్టి చూడండి. కొద్దిగా ఆవిరి వస్తే సరే. మూత ఎగిరెగిరి పడుతూ గుప్పుగుప్పున పొగ ఊదుతుంటే రింగులు, సిలిండర్లు అరిగిపోయినట్లే. రంగు ఎంత మెరుస్తున్నా ఆ బండి మీకు కాదు.

కింద పడుకుని చూడండి

బండిని వాటర్ సర్వీసింగ్ షాపుకు తీసుకెళ్లి ర్యాంపు ఎక్కించండి. ముందే కడగనివ్వకండి, కడిగితే ఆయిలు లీకులు కనబడవు. ఛాసిస్ కమ్మీలు రెండు వైపులా తిన్నగా ఉన్నాయా? వంపు తీసిన జాడ, కొత్త వెల్డింగ్, కొత్తగా పూసిన నల్లరంగు ఉందా? చీరాల, బాపట్ల, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బండికి తుప్పు లోపలి నుంచి తింటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు రేకు మొద్దు శబ్దం చేస్తుంది.

కమాన్ పట్టీల్లో పగుళ్లు, షాకబ్జర్ల దగ్గర నూనె, గేరుబాక్సు, వెనక హౌసింగ్ దగ్గర లీకులు చూడాలి. టైర్లు ముందువీ వెనకవీ ఒకే రకంగా అరిగాయా? ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ పోయిందో, బండి గుద్దుకుని వంగిందో. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైనదని. స్టెప్నీ కూడా చూడండి.

బాడీ మీద చిన్న అయస్కాంతం పల్చటి గుడ్డలో చుట్టి ఆనించండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. పుట్టీ మందంగా పెట్టినచోట జారిపోతుంది. తలుపుల సందులు ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క ఇరుకుగా ఉంటే గుద్దిన బండి. బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బర్లు నున్నగా అరిగిపోయి, మీటరు మాత్రం 60 వేలే చూపిస్తుంటే రీడింగ్ తిప్పేశారని అనుకోండి.

వరదలో మునిగిందేమో

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుఫాను తీరం దాటింది. దానికి ముందు చెన్నైని ముంచింది. ఇలా మునిగిన బండ్లు ఎండబెట్టుకుని, రంగేసుకుని మార్కెట్లోకి వస్తాయి. కొంతకాలం నడిచి, తర్వాత వైర్లు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి.

గుర్తుపట్టే పద్ధతి ఇది. సీటు బెల్టును చివరిదాకా లాగండి. మడత లోపల మట్టి మరక గీత ఉంటుంది. కాళ్ల కింద పట్టా ఎత్తి వాసన చూడండి. సీట్ల కింది ఇనుప పట్టాలకు, బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి. హెడ్‌లైట్ల లోపల తేమ, స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉంటే అనుమానం తీరినట్లే. బీమా కంపెనీ నుంచి పాత క్లెయిము వివరాలు తెమ్మని అమ్మేవాణ్ణి అడగండి.

తోలి చూడందే తేలదు

కనీసం 20 కిలోమీటర్లు తోలండి. సగం హైవే, సగం గుంటల రోడ్డు. ఇంట్లోవాళ్లనూ ఎక్కించుకుని వెళితే ఇంకా మంచిది. ఖాళీగా బాగా లాగిన బండి ఏడుగురితో ఈసురోమనవచ్చు.

క్లచ్‌కు ఒక పరీక్ష ఉంది. ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అరిగింది. గేరు దానంతట అది బయటికి దూకుతోందా? బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగుతోందా? స్టీరింగ్ చేతిలో ఎంత ఆట ఉంది? పాటల పెట్టె, ఏసీ కట్టేసి చప్పుడు వినండి. వేడి చూపే ముల్లు మధ్యకు వచ్చి నిలబడాలి. ఎక్కుతూ పోతుంటే ఇంజన్ ఆపించండి.

తిరిగి వచ్చాక ఇంజన్ ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్టు చేయండి. చల్లగా అందుకున్న బండి వేడి మీద మొరాయిస్తే డీజిల్ పంపు వైపు చూడాలని మీ మెకానిక్‌తో చెప్పండి.

బేరం ఎలా?

మెకానిక్ చెప్పిన లోపాలన్నీ కాగితం మీద రాసి, పక్కన ఖర్చు వేసి, ఆ కాగితం ముందు పెట్టి బేరం చేయండి. చేతిలో ఉన్న డబ్బు మొత్తం ధరకే ఇవ్వొద్దు. ఐదో వంతు పక్కన పెట్టండి. 4 లక్షలు ఉంటే 3 లక్షల 20 వేల బండే చూడాలి. మిగిలిన 80 వేలు పేరు మార్పిడికి, బీమాకు, మొదటి నెల పనులకు కావాలి. ఈ ఒక్క నియమం పాటించకే చాలామంది బండి కొన్న నెలకే వడ్డీకి తిరుగుతున్నారు.

అడ్వాన్సు తక్కువ ఇచ్చి రసీదు తీసుకోండి. మిగతాది బ్యాంకు ద్వారా ఇవ్వండి. ‘ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నాడు’ అని బ్రోకరు తొందరపెడితే, ఆ పార్టీనే తీసుకోనివ్వండి. బండ్లకు కరువు లేదు, మన డబ్బుకే కరువు.

ఇంటికి తెచ్చాక

పేరు మార్పిడికి వాయిదా వేయకండి. చట్టం ప్రకారం అమ్మినవారు రాష్ట్రంలోనే అయితే 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలపాలి. బీమాను మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. లేకుంటే రేపు బండి గుద్దుకున్నప్పుడు మీ బండి నష్టానికి పైసా రాకపోవచ్చు.

ఆయిలు, ఆయిలు ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, గాలి ఫిల్టర్, రేడియేటర్ కూలెంట్ ఒకేసారి మార్పించి తేదీ, కిలోమీటర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. డీజిలు నమ్మకమైన బంకులోనే పోయించండి. ట్రాక్టరు కోసం డ్రమ్ములో నిల్వ ఉంచిన డీజిలులో నీళ్లు, తుప్పు ఉంటాయి, కొత్త తరం పంపులు దాన్ని తట్టుకోలేవు.

చివరగా, ప్రాణాలకు సంబంధించిన సంగతి. మిరప కోతల రోజుల్లో కూలీలను ఎక్కించుకునే అవసరం వస్తుంది. సి బుక్కులో ఎన్ని సీట్లు రాసి ఉంటే అంతమందినే ఎక్కించాలి. తెల్ల బోర్డు బండిలో కిరాయి తీసుకుని మనుషుల్ని తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. ఆ కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారం మీ పొలం మీదకు రావచ్చు. పురుగుమందు డబ్బాలను పిల్లలు కూర్చునే బండిలో వేసుకు రావడం కూడా మానాలి.

హెడ్ పగిలిన ఆ బండిని నష్టానికి అమ్మేసిన మూడేళ్లకు మేము మళ్లీ ఒక డీజిల్ బండి చూశాం. ఈసారి కోడి కూసే వేళకు, మా ఊరి మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. మొదట చూసిన రెండు బండ్లనూ బానెట్ వేడిగా ఉందని వదిలేసి వచ్చాను. మూడోది చల్లగా ఉంది, సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. సి బుక్కులో ఉన్న ఆయనే తాళం ఇచ్చాడు. రంగు బాగా వెలిసిపోయింది. ఇప్పటికీ అదే రంగుతో నడుస్తోంది. గొలుసు విడిపించుకున్నాం.